గ్యాస్ ఇస్తామంటే నీళ్ళు అడిగిన ఊరు

హోస్కోటె దగ్గర మా ఇల్లు మొదలుపెట్టిన రోజు, పునాది గుంతలోంచి తీసిన మట్టిని మేస్త్రీ ఒక గాజు సీసాలో పోశాడు. మూడో వంతు మట్టి, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు. మూత బిగించి బాగా గిలకొట్టి, ఎవరూ కదపని చోట పెట్టాడు. సాయంత్రానికి సీసాలో పొరలు ఏర్పడ్డాయి. అడుగున ఇసుక, దాని మీద సన్నటి ఒండ్రు, అన్నిటికన్నా పైన నున్నటి బంకమట్టి. ఆయన సీసాకి వేళ్ళు ఆనించి పొరలు కొలిచి, "జిగురెక్కువుంది సార్, క్వారీ డస్ట్ కలపాల" అన్నాడు.

ఆయనది తాడిపత్రి దగ్గర పల్లె. బెంగళూరు చుట్టుపక్కల కట్టుబడి పనుల్లో ఏ మూలకి వెళ్ళినా తెలుగు వినిపిస్తుంది. అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు అంతమంది ఉన్నారు. మా మేస్త్రీ కొన్నేళ్ళుగా కాల్చని మట్టి ఇటుకలతో కడుతున్నాడు. మట్టిలో 6 నుంచి 8 శాతం సిమెంటు కలిపి, చేత్తో నొక్కే మెషీన్‌లో అచ్చు వేస్తారు. ఒక్కో ఇటుకకి పోసే మట్టిని ప్రతిసారీ తూస్తారు. బరువు తేడా వస్తే ఇటుక గట్టిదనం తేడా వస్తుంది. తర్వాత పేర్చి, గోనెపట్టలు కప్పి, మూడు వారాలకు పైగా తడుపుతారు. బట్టీ లేదు, పొగ లేదు. 6 శాతం సిమెంటు కలిపిన ఇలాంటి ఇటుకకి, కాల్చిన ఇటుక తయారీకి పట్టే శక్తిలో నాలుగో వంతు సరిపోతుందని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ) లెక్కలు చెబుతున్నాయి.

ఈ పద్ధతిని పదును పెట్టింది కూడా ఆ ఐఐఎస్సీనే. బెంగళూరు ఆటోవాళ్ళు, పాత బస్సు కండక్టర్లు ఇప్పటికీ దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. మేస్త్రీ చేతిలోని సీసా చూస్తున్నప్పుడు నాకు అనిపించింది ఒకటే. ఈ ఇటుక ఏ డిపార్ట్‌మెంట్ కనిపెట్టిన వస్తువు? ఎర్రమట్టిలోని బంక నీళ్ళకి ఎందుకు పెద్దగా ఉబ్బదో, నల్లరేగడిలోది ఎందుకు ఉబ్బుతుందో చెప్పేది మట్టి రసాయనం తెలిసినవాళ్ళు. ఎంత ఒత్తిడితో నొక్కాలో చెప్పేది మెకానికల్ వాళ్ళు. గోడ ఎంత బరువు మోస్తుందో చెప్పేది సివిల్ వాళ్ళు. అసలు ఇటుకని కాల్చకుండా ఎందుకు చేయాలి అన్న ప్రశ్న మాత్రం ఈ ముగ్గురిదీ కాదు. బట్టీలకి ఎన్ని కట్టెలు పోతున్నాయో లెక్క చూసినవాళ్ళది.

ఇంటర్‌డిసిప్లినరీ, అంటే వేర్వేరు శాస్త్రాలవాళ్ళు కలిసి చేసేది అన్న మాట ఇప్పుడు ప్రతి యూనివర్సిటీ బ్రోచర్‌లోనూ కనిపిస్తుంది. అయితే రెండు వేర్వేరు పనులకి ఇదే పేరు పెడుతున్నారు, చిక్కంతా అక్కడుంది. మొదటిది, ఒక ప్రాజెక్టుని ముక్కలు చేసి తలా ఒక ముక్క తీసుకోవడం. ఎవరి ముక్క వాళ్ళు పూర్తి చేశాక అన్నీ కలిపి ఒకే రిపోర్టుగా కుట్టేస్తారు. ఎవరి ప్రశ్నా మారదు. రెండోది, పక్క శాస్త్రం తెలిసినాయన అడిగిన ఒక్క మాటతో నేను పట్టుకున్న ప్రశ్నే మారిపోవడం. పర్యావరణాన్ని కాపాడుతూ, జనం చేతిలో నిలబడే టెక్నాలజీ ఎక్కువగా పుట్టేది ఈ రెండో దారిలోనే అని నా నమ్మకం. అందుకు నాకు తెలిసిన గట్టి ఉదాహరణ కర్ణాటకలో తుమకూరు జిల్లాలోని పుర అనే ఒక చిన్న ఊరు.

1974లో ఐఐఎస్సీలో ఆస్ట్రా అనే కేంద్రం మొదలైంది. అప్లికేషన్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ టు రూరల్ ఏరియాస్, అంటే సైన్స్‌నీ టెక్నాలజీనీ పల్లెల అవసరాలకి వాడటం అన్నది ఆ పేరులోనే ఉంది. మొదలుపెట్టిన అమూల్య రెడ్డి ఎలక్ట్రోకెమిస్ట్, అంటే కరెంటుకీ రసాయన చర్యలకీ ఉన్న సంబంధం చదివిన మనిషి. అదే రంగంలోని జాన్ బోక్రిస్‌తో కలిసి ఆయన రాసిన పాఠ్యపుస్తకం 1970లో వచ్చింది. ఆ రంగంలో పేరున్న పుస్తకం అది. అంత పేరున్న మనిషి తన రంగం వదిలి పేడ, కట్టెలు, పొయ్యిల వైపు తిరిగాడు. ఆయనతో సివిల్ నుంచి, ఏరోస్పేస్ నుంచి, ఇంకా వేరే డిపార్ట్‌మెంట్ల నుంచి కొంతమంది కలిశారు. కుణిగల్ తాలూకాలోని ఉంగ్ర అనే ఊళ్ళో ఒక కేంద్రం పెట్టుకుని చుట్టుపక్కల పల్లెల్లో పని మొదలుపెట్టారు.

ముందు చేసింది లెక్క. ఊరు ఏ పనికి ఎంత శక్తి వాడుతోంది? ఇంటింటికీ తిరిగి కట్టెలు తూచారు, నడిచే దూరం కొలిచారు, ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో రాసుకున్నారు. ఆ ఊళ్ళలో పుర ఒకటి. 1977 లెక్కల్లో అక్కడ 56 ఇళ్ళు, 357 మంది. ఊరు వాడే శక్తిలో ఎక్కువ భాగం వంటకే పోతోంది, ఆ వంటంతా కట్టెల మీదే. చెట్లు నరికి తెచ్చిన కట్టెలు కావవి, చాలావరకు ఏరుకొచ్చిన పుల్లలు, కొమ్మలు. ఒక మోపు కోసం దాదాపు 5 కిలోమీటర్లు నడవాలి, రెండు గంటలకు పైగా పడుతుంది. మనుషులు పెట్టే శ్రమలో 53 శాతం ఆడవాళ్ళది, 31 శాతం మగవాళ్ళది, 16 శాతం పిల్లలది అని తేలింది.

ఇక్కడే మొదటి మలుపు ఉంది. సామాజిక పరిశోధకురాలు శ్రీలత బట్లివాలా ఈ లెక్కల్ని ఇంజనీర్ల కళ్ళతో కాకుండా ఆరోగ్యం వైపు నుంచి చూశారు. కట్టెలు, నీళ్ళు మోయడానికీ వండటానికీ ఆడవాళ్ళు ఖర్చుపెట్టే కేలరీలు ఎన్ని, వాళ్ళు తినేవి ఎన్ని? వాళ్ళకి పోషకాహారం అందకపోవడానికి తిండి తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు, చాకిరీ ఎక్కువ కావడం కూడా అని ఆమె 1982లో రాశారు. అంటే మంచి పొయ్యి, దగ్గర్లో నీళ్ళు ఉంటే అవి తిండితో సమానం. శక్తి లెక్క చూడబోయి పోషకాహారం లెక్క తేలింది. ఎనర్జీ సర్వే పట్టికలో అలాంటి గడి ముందే గీసి ఉండదు. వేరే చదువు చదివినవాళ్ళు ఆ పట్టిక ముందు కూర్చుంటేనే అది కనిపిస్తుంది.

తర్వాత పురలో సామూహిక గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు. వంటకి కట్టెలు కదా సమస్య, గ్యాస్ ఇస్తే తీరిపోతుంది అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ పథకం నిలబడలేదు. ఊళ్ళో ఉన్న పశువుల పేడతో వచ్చే గ్యాస్ అన్ని ఇళ్ళకీ రెండు పూటల వంటకి చాలలేదు. మేతకి పోయే పశువు పేడలో చాలా భాగం బీళ్ళలోనే పడుతుంది, కొట్టంలో దొరికేదే ప్లాంటుకి వచ్చేది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. కట్టెలకి ఎవరూ డబ్బు పెట్టడం లేదు. ఆడవాళ్ళ కాళ్ళ నొప్పులే దానికి ధర, ఆ ధర ఇంటి పద్దులో ఎక్కదు. అందుకని వంటగ్యాస్ కోసం శ్రమపడాలని ఊరికి గట్టిగా అనిపించలేదు.

ఊరికి నిజంగా కావలసింది మంచి నీళ్ళు. ఆ మాట వినడానికి పరిశోధకులకి ఏళ్ళు పట్టింది. విన్నాక మాత్రం డిజైన్ మొత్తం తిప్పేశారు. అదే ప్లాంటు, అదే గ్యాస్. ఇప్పుడు ఆ గ్యాస్‌ని, కొద్దిగా డీజిల్‌ని కలిపి 5 కిలోవాట్ల ఇంజన్ నడిపి కరెంటు తీశారు. ఆ కరెంటుతో బోరు నుంచి నీళ్ళు తోడి కుళాయిలకి ఇచ్చారు, సాయంత్రం ఇళ్ళలో లైట్లు వెలిగించారు. 1987లో ఈ ఏర్పాటు మొదలైంది. వంటకి చాలని గ్యాస్ నీళ్ళకీ దీపాలకీ చాలింది.

పేడ ఎవరు తెస్తారు? ఇది ఇంజనీరింగ్ ప్రశ్న కాదు కానీ, ఇది తేలకపోతే ఇంజన్ తిరగదు. పేడ తెచ్చినవాళ్ళకి తూచి కిలోకి 2 పైసల చొప్పున ఇచ్చారు. ఎక్కువగా తెచ్చేది ఆడవాళ్ళు, పిల్లలు కాబట్టి ఆ డబ్బు వాళ్ళ చేతికే వచ్చింది. గ్యాస్ తీశాక మిగిలిన స్లరీని ఎవరి వాటా వాళ్ళకి తిరిగి ఇచ్చేశారు. దిబ్బలో ఎండిపోయే పేడ కన్నా అందులో నత్రజని ఎక్కువ నిలుస్తుంది, అందుకని రైతుకి నష్టం లేదు. ప్లాంటు నడిపింది ఊరి కుర్రాళ్ళే. సూక్ష్మజీవుల పని, ఇంజన్ పని, పొలం ఎరువు, కూలి, ఊరి పెద్దల కమిటీ, ఇన్నీ ఒకే గొలుసులో ఉన్నాయి. ఒక్క లింకు తెగినా నీళ్ళు రావు. ఏళ్ళ తరబడి వచ్చాయి.

ఈ అనుభవం నుంచే అమూల్య రెడ్డి శక్తి గురించి ఆలోచించే తీరు గట్టిపడిందని నేననుకుంటాను. ఎన్ని యూనిట్లు కావాలి అని అడగొద్దు. వెలుతురు ఎంత కావాలి, నీళ్ళు ఎన్ని కావాలి, అన్నం ఎలా ఉడకాలి అని అడగండి. యూనిట్ల లెక్క ఆ తర్వాత. ఇదే పద్ధతిలో కర్ణాటక మొత్తానికి లెక్క వేసి, ప్రభుత్వ ప్రణాళిక చూపిన కరెంటులో సగం కన్నా తక్కువతో పని నడుస్తుందని ఆయన బృందం చూపించింది. బల్బులు, పంపులు, పొయ్యిలు మెరుగుపడితే మిగిలే కరెంటుని కూడా వాళ్ళు ఉత్పత్తి కిందే లెక్కగట్టారు.

పొయ్యి దగ్గర కాసేపు ఆగాలి.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరో వచ్చి పొగలేని పొయ్యిలు కట్టి వెళ్ళారు. 1983 తర్వాత దేశమంతా ఇలాంటివి కట్టిన రోజులవి. ఒక్క పూటలో కట్టేశారు. గొట్టం కప్పు పైకి పెట్టారు. మా అమ్మ సంతోషపడింది. వారం తిరక్కుండానే చిక్కు వచ్చింది. మా ఇంట్లో రాత్రి పూట సంగటి. సంగటి కెలకాలంటే కుండని రెండు కాళ్ళ మధ్య అదిమిపట్టినట్టు పొయ్యి పట్టుకోవాలి, కట్టెతో బలమంతా పెట్టి తిప్పాలి. కొత్త పొయ్యి కంత మా సంగటి కుండకి సరిపోలేదు, తిప్పినప్పుడల్లా కుండ కదిలేది. ఏడాదికి గొట్టంలో మసి పట్టి పొగ వెనక్కి రావడం మొదలైంది. గొట్టం ఎలా శుభ్రం చేయాలో ఎవరూ చెప్పలేదు. అమ్మ ఒక రోజు దాన్ని పలుగుతో కొట్టేసి మళ్ళీ మూడు రాళ్ళు పెట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఆమెకి కోపం లేదు, వంట ఆలస్యమవుతోంది అంతే.

ఆస్ట్రా వాళ్ళు తయారుచేసిన ఆస్ట్రా ఒలె అనే పొయ్యి గురించి చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నప్పుడు మా పొయ్యి గుర్తొచ్చింది. కన్నడంలో ఒలె అంటే పొయ్యి. మూడు గిన్నెలు పట్టే మూసిన పొయ్యి, కింద బూడిద రాలే జల్లెడ, పైకి గొట్టం. మామూలు పొయ్యిలో కట్టె వేడిలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. ఇది ల్యాబ్‌లో 40 శాతం దాకా వేడిని గిన్నెకి చేర్చింది. అయితే పొయ్యి లోపలి కొలతలు ఒక్క అంగుళం మారినా ఆ లాభం పోతుంది. అందుకని దాన్ని కట్టేవాళ్ళకి అచ్చులు ఇవ్వాలి, నేర్పాలి, మళ్ళీ వచ్చి చూడాలి. సామర్థ్యం అన్న మాటకి ఇంజనీరు దగ్గర ఒక అర్థం, వండే మనిషి దగ్గర ఇంకొక అర్థం. కట్టె ఎంత మిగిలింది అని ఆయన చూస్తాడు. సంగటి ఎంతసేపట్లో అయింది, కుండ కదిలిందా లేదా అని ఆమె చూస్తుంది. ఈ రెండు అర్థాలూ ఒకే బల్ల మీదికి రావాలి. అలా రాని చోట పలుగు వస్తుంది.

మంట గురించి ఐఐఎస్సీలో ఇంకో వైపు నుంచి కూడా పని జరిగింది. హెచ్.ఎస్. ముకుంద రాకెట్లలో ఇంధనం ఎలా మండుతుందో చదివిన ఏరోస్పేస్ ప్రొఫెసర్. ఆయన ల్యాబ్ కట్టె ముక్కల నుంచి మండే గ్యాస్ తీసే గ్యాసిఫయర్ల మీద పనిచేసింది. కట్టెని చాలినంత గాలి ఇవ్వకుండా వేడి చేస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి, వాటితో ఇంజన్ నడపొచ్చు. అడ్డం పడేది తారు. అది ఇంజన్ వాల్వులకి అంటుకుని బిగుసుకుపోతుంది. పైన మూత లేకుండా, గాలి పై నుంచీ పక్క నుంచీ వచ్చేట్టు చేస్తే లోపల వేడి పొర మందంగా ఏర్పడి తారు చాలావరకు విరిగిపోతుందని వాళ్ళు తేల్చారు. 1988లో కుణిగల్ తాలూకాలోనే హొసహళ్ళి అనే కరెంటు లేని ఊళ్ళో దీన్ని పెట్టారు. అక్కడ కట్టెల కోసం చెట్లు పెంచే పని కూడా కలిపారు, దాన్ని చూసింది పర్యావరణ శాస్త్రం వైపు వాళ్ళు. ఇంజన్ ఉంది, చెట్లు లేవు అంటే ఆ ఊరి చుట్టూ ఉన్న పొదలే మాయమయ్యేవి.

అన్నీ కలిసొచ్చినా ఒక్క లెక్క తప్పితే ఏమవుతుందో కూడా ఇదే ల్యాబ్ కథలో ఉంది. పంట వ్యర్థాలతో చేసిన గుళికలు వేసి, చిన్న ఫ్యాన్‌తో మండించే ఊర్జా పొయ్యిని బ్రిటిష్ చమురు కంపెనీ బీపీతో కలిసి తెచ్చారు. మంట శుభ్రం, పొగ దాదాపు లేదు. లక్షల్లో అమ్ముడుపోయింది. తర్వాత పంట వ్యర్థాలకి గిరాకీ పెరిగింది, ఫ్యాక్టరీలు కూడా వాటినే కొనడం మొదలుపెట్టాయి, గుళికల ధర పెరిగింది. ఇంట్లో పొయ్యి బాగానే ఉన్నా అందులో వేసేది కొనలేక చాలామంది పక్కన పెట్టేశారు. మంట శాస్త్రం తప్పలేదు, వ్యర్థం ఎప్పటికీ చవగ్గా ఉంటుందన్న అంచనా తప్పింది. ఒక వస్తువుకి వాడకం దొరికిన రోజు నుంచి అది వ్యర్థం కాదు, సరుకు. ఈ మాట చెప్పాల్సింది ఆర్థిక శాస్త్రం తెలిసినవాళ్ళు, మొదటి రోజే.

ఇవన్నీ పాత సంగతులనుకోవద్దు. ఇప్పుడు మన కళ్ళ ముందు జరుగుతున్నది కోలారు నీళ్ళ వ్యవహారం. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, కోరమంగళ చల్లఘట్ట లోయ నుంచి ఎత్తిపోసి కోలారు జిల్లా చెరువులకి పంపుతున్నారు. రోజుకి 440 మిలియన్ లీటర్ల కోసం వేసిన పథకం, వందకు పైగా చెరువులు. 2018లో మొదటి నీళ్ళు లక్ష్మీసాగర చెరువుకి చేరాయి. కోలారు, ముళబాగిలు వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళు ఎన్నో, మా బంధువులూ ఉన్నారు. ఏళ్ళుగా ఎండిన చెరువు నిండితే వాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ ఏడాది జూలైలోనే నీళ్ళ మీద నురగ కనిపించింది, వ్యవహారం కోర్టుల దాకా వెళ్ళింది.

ఇక్కడ ఒక్కో శాస్త్రం ఒక్కో నిజం చెబుతుంది. శుద్ధి ప్లాంటు ఇంజనీరు రెండో దశ శుద్ధి, అంటే సూక్ష్మజీవులతో మురికిని తినిపించే దశ అయింది, ప్రమాణాలు సరిపోయాయి అంటాడు. భూగర్భజలాల వాళ్ళు బోర్లలో నీటిమట్టం చూస్తారు. మట్టి రసాయనం వాళ్ళు లవణాలు, లోహాలు ఏళ్ళ తరబడి పేరుకుంటాయా అని అడుగుతారు. బెంగళూరులో మా బెళ్లందూరు చెరువు మీద నురగ ఎలా వచ్చిందో ఐఐఎస్సీలో చూసినవాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. మన ఇళ్ళ సబ్బు, డిటర్జెంట్ మురుగుతో చేరి అడుగు బురదలో పేరుకుని, గట్టి వానకి కలియబడి పైకొస్తుంది. రైతు అడిగేది వేరు. ఈ నీళ్ళు పెట్టిన టమాటా మార్కెట్లో కొంటారా? రెండో దశలో పోనివాటిని తీసే మూడో దశ శుద్ధి చేయాలా వద్దా అన్న వాదనలో ఈ ప్రశ్నలన్నీ ఒకేసారి ఉండాలి. ఇంజనీరు లెక్క ఒక్కదానితో మూసేయడం సరికాదని నా అభిప్రాయం. చెరువులు నింపొద్దు అనడమూ సరికాదు. ఏళ్ళ తరబడి ఒకే చెరువు దగ్గర, ఒకే బోర్ల దగ్గర నీళ్ళు పట్టి చూసే పని యూనివర్సిటీలు తప్ప వేరెవరూ చేయలేరు.

కానీ అదే పని యూనివర్సిటీలో అన్నిటికన్నా కష్టం. పరిశోధన డబ్బు చాలావరకు మూడేళ్ళకి వస్తుంది. పుర ఊరు తన మనసులో మాట చెప్పడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది. పీహెచ్‌డీ చేసే కుర్రాడికి రెండు డిపార్ట్‌మెంట్ల గైడ్లు ఉంటే, పేపర్ ఏ జర్నల్‌కి పంపాలన్న దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో నువ్వు కెమిస్ట్రీనా, సివిలా అని అడుగుతారు. పని చేయని ప్లాంటు గురించి రాసిన పేపర్‌కి విలువ తక్కువ. పుర మొదటి పథకం ఎందుకు నిలబడలేదో అమూల్య రెడ్డి తర్వాత వివరంగా రాశారు. అంతటి పేరున్నవాడు కాబట్టి రాయగలిగారు. ఇరవై ఏడేళ్ళ పరిశోధకురాలికి ఆ ధైర్యం ఎవరిస్తారు? ఆస్ట్రా ఇప్పుడు సెంటర్ ఫర్ సస్టైనబుల్ టెక్నాలజీస్ అన్న పేరుతో నడుస్తోంది, శక్తికీ నీటికీ వేరుగా ఇంటర్‌డిసిప్లినరీ కేంద్రాలు కూడా వచ్చాయి. భవనాలు కట్టడం వరకూ అయింది. వైఫల్యాన్ని రాసినా ప్రమోషన్ ఆగదన్న భరోసా కూడా ఇస్తే, పుర లాంటివి ఇంకా పుడతాయి.

మా ఇంటి గోడలు లేచాయి. ఒక రోజు టీ తాగుతూ మేస్త్రీ, "మా ఊర్లో అంతా నల్లమన్ను సార్. ఈ ఇటుక దానికి ఆగదా?" అన్నాడు. సిమెంటుతో కష్టం, ఆ బంక బాగా ఉబ్బుతుంది, సున్నం కలపాలి, గట్టిపడటానికి చాలా రోజులు పడుతుంది అని నాకు తెలిసింది చెప్పాను. "మా ఎండకి ఆ సున్నం ఇటుక ఎన్నేళ్ళుంటాది? ఎవరన్నా మా తట్టు కట్టి చూసినారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేటప్పుడు ఆయన ఒక సంచెడు నల్లమన్ను తెచ్చాడు. అదే సీసాలో, అదే కొలతలో పోసి గిలకొట్టి కిటికీలో పెట్టాం. మరుసటి రోజు సాయంత్రానికి కూడా నీళ్ళు తేరలేదు.